దిగులు మాత్రకు కరువు వచ్చిన కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. స్వాతంత్ర్యోద్యమం గురించి, మన సంఘం పుట్టుక గురించి రాయగల పెద్దలు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మన ఇళ్ళలో ఎందరో మింగుతూ, పైకి చెప్పుకోని ఒక మాత్ర చరిత్ర రాస్తున్నాను. బి.పి. మాత్ర, షుగరు మాత్ర అయితే పార్కు బెంచీ మీద నలుగురిలో కూర్చుని ఎన్ని మిల్లీగ్రాములో కూడా చెప్పుకుంటాం. డిప్రెషన్‌కు వేసుకునే మాత్ర బీరువాలో చీరల కింద ఉంటుంది. అందుకే అది బజారులో దొరక్కపోయినా పక్కింటివారికి కూడా తెలియదు.

ఈ మందుల పుట్టుకే విచిత్రం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, జర్మన్లు రాకెట్లకు ఇంధనంగా వాడిన హైడ్రజీన్ అనే రసాయనం మిగిలిపోయింది. చవగ్గా దొరికిన ఆ సరుకుతో మందుల కంపెనీలు కొత్త పదార్థాలు తయారుచేశాయి. వాటిలో ఒకటైన ఐప్రోనియజిడ్‌ను 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్ళకు ఆకలి పుట్టింది, హుషారు వచ్చింది, వార్డులో నవ్వులు వినిపించాయి. నాథన్ క్లైన్ అనే వైద్యుడు ఈ గుణాన్ని పట్టుకుని దిగులు జబ్బుకు వాడి 1957లో ఫలితాలు ప్రకటించాడు. అదే ఏడాది స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ సంగతి లోకానికి చెప్పాడు. మొదటిది కాలేయాన్ని దెబ్బతీస్తోందని 1961లో అమెరికాలో ఆపేశారు. రెండవది నిలిచింది. మనవైపు డెప్సోనిల్ అనే పేరు పాత చీటీల్లో చూసినవారికి గుర్తుండవచ్చు. నోరు ఎండగట్టేది, మలబద్ధకం తెచ్చేది, కానీ మనిషిని లేపి కూర్చోబెట్టేది.

1987 డిసెంబరులో అమెరికాలో ఫ్లూయాక్సెటిన్‌కు అనుమతి వచ్చింది. ప్రొజాక్ అని ప్రపంచమంతా మారుమోగిన మందు అదే. 1991 చివర సెర్ట్రలిన్ వచ్చింది. ఇక్కడే మన హైదరాబాదు కథలోకి వస్తుంది. సోవియట్ సాయంతో నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి బయటికి వచ్చిన అంజిరెడ్డిగారు 1984లో సొంత సంస్థ పెట్టారు. ప్రొజాక్ పేటెంటు హక్కు తొలగిన 2001 ఆగస్టులో ఆ సంస్థ 40 మిల్లీగ్రాముల ఫ్లూయాక్సెటిన్‌ను 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమెరికాలో అమ్మింది. ఒక భారతీయ కంపెనీకి అలాంటి హక్కు దక్కడం అదే మొదటిసారి.

పదిమంది తయారుచేస్తే ధర పడిపోతుంది, అది మంచిదే. కానీ ధర మరీ పడితే ఒక్కొక్కరే తప్పుకుంటారు. చివరికి ముగ్గురో నలుగురో మిగులుతారు. వాళ్ళలో ఒకరి ఫ్యాక్టరీ ఆగితే కరువే. ఆఫీసు స్టేషనరీకి అతి తక్కువ కొటేషన్ వేసినవాడు సరుకు ఇవ్వలేక చేతులెత్తేయడం మనం చూడనిదా!

ఇంగ్లండులో జరిగింది అలాంటిదే. 2019లో అక్కడ ఫ్లూయాక్సెటిన్ కొన్ని మోతాదుల్లో దొరకలేదు. దానితో అదే ఏడాది కొత్తగా చేసిన నిబంధనను అక్టోబరులో మొదటిసారి వాడారు. 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్ లేకపోతే, రోగిని మళ్ళీ డాక్టరు దగ్గరికి పంపకుండా, షాపువారే 20వి రెండు ఇవ్వవచ్చు. ఇంత చిన్న విషయానికి చట్టం సవరించాలా అనిపిస్తుంది. జి.వో. లేకుండా గుండుసూది కూడా కదలని ఆఫీసులో ముప్పైయేళ్ళు గడిపినవాడిగా నాకు ఆశ్చర్యం లేదు.

ఆ మరుసటి ఏడు కరోనా. 2020 మార్చిలో అమెరికాలో సెర్ట్రలిన్ చీటీలు అంతకు ముందు ఏడాది మార్చి కంటే 12 శాతం పెరిగి 49 లక్షలకు చేరాయి. భయంతో, ఒంటరితనంతో మందు అవసరమైనవారు పెరిగారు, ముడిసరుకు మాత్రం అందలేదు. మే 29న అక్కడి ప్రభుత్వం ఆ మందును కొరత జాబితాలో చేర్చింది.

మా ఇంట్లో అంతకు ముందే చేరింది. మా శ్రీమతి సమ్మతితోనే ఇది రాస్తున్నాను. ఆమె చాలా ఏళ్ళుగా 50 మిల్లీగ్రాముల సెర్ట్రలిన్ వాడుతోంది. అది మొదలుపెట్టక ముందు మూడు నెలలు వంటింట్లో అడుగు పెట్టలేదు, మనవడు పిలిచినా పలకలేదు. 2020 ఏప్రిల్‌లో స్ట్రిప్పులో ఆరు మాత్రలు మిగిలాయి. మందుల షాపులు తెరిచే ఉన్నాయి గాని, "పైనుంచి లోడు రావడం లేదు బాబాయిగారూ" అన్నాడు షాపు కుర్రాడు. సగం సగం విరిచి వేసుకుంటే పన్నెండు రోజులు వస్తాయని ఆమె లెక్క. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, సొంతంగా మోతాదు తగ్గించవద్దని, అదే మందు వేరే కంపెనీది తీసుకోమని చెప్పి చీటీ ఫోనులో పంపారు. మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి ఆ చీటీ చెల్లింది. మూడో షాపులో దొరికింది.

"ఇది ఆ మాత్ర కాదండీ, రంగు వేరు" అని ఆమె పక్కన పెట్టేసింది. భూతద్దం తెచ్చి, పెద్ద అక్షరాల కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు పాతదానితో పక్కపక్కన పెట్టి చూపించాను. రెండుసార్లు చదివి, "సరే, మీ హెడ్డాఫీసు సంతకం కూడా ఉందిగా" అని వేసుకుంది.

ఈ మందులు ఒక్కసారిగా మానితే తలతిరుగుడు, నిద్రలేమి, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జలదరింపు రావచ్చు. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ విషయంలో ఇది ఎక్కువ. ఫ్లూయాక్సెటిన్ శరీరంలో వారాల తరబడి నిలుస్తుంది గనుక కొంత నయం. ఒక మందు లేదని ఇంకోటి మార్చడం కూడా డాక్టరు చేయవలసిన పనే. ఫ్లూయాక్సెటిన్ ఆపి ఫెనెల్జిన్ అనే పాతకాలపు మందుకు మారాలంటే మధ్యలో అయిదు వారాలు ఆగాలి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. అత్యవసర మందుల జాబితాలోని మందులన్నీ మానసిక రోగులకు ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పై ఆసుపత్రులన్నింటిలో ఎల్లవేళలా ఉచితంగా అందుబాటులో ఉండాలని అందులో రాసి ఉంది. మన కేంద్రంలో అడిగితే "స్టాకు లేదు" అనే సమాధానం వస్తే, అలా అని కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. మిగతా ఉత్తర ప్రత్యుత్తరాలు మన సంఘంలో ఎవరికీ నేర్పక్కర్లేదు.