సముద్రగణనము: కప్పీల నుండి క్లౌడ్ వరకు

సముద్రము రేపెట్లుండునో నేడే తెలిసికొనవలెనను కోరిక నావికునకు అనాదిగా నున్నదే యైనను, దానికి గణితయంత్రము తోడైనది పందొమ్మిదవ శతాబ్దమునందే. ఆటుపోటులు, నియతకాలములలో మరలి మరలి వచ్చు అనేక స్పందనముల మొత్తమని ఎరిగిన విలియం థామ్సన్, అనగా అనంతరకాలమున లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధి కెక్కిన శాస్త్రజ్ఞుడు, 1872 ప్రాంతమున ఒక యంత్రమును రూపొందించెను. ఒక్కొక్క స్పందనమునకు ఒక్కొక్క కప్పీ. కప్పీలన్నిటి మీదుగా సాగు ఒకే తీగ. చేతిపిడిని త్రిప్పుచుండగా ఆ తీగకొన యందలి కలము కదలు కాగితముపై రేవునీటి హెచ్చుతగ్గులను గీయును. ఒక రేవునకు ఏడాది పొడుగునను కలుగు ఆటుపోటులను అది సుమారు నాలుగు గంటలలో లెక్కగట్టెడిది.

సూర్యచంద్రుల గతులకు లోబడినవి గనుక ఆటుపోటులను ఏడాది ముందే చెప్పవచ్చును. అలలు గాలికి లోబడినవి, గాలి మారిన లెక్కయు మారును. రెండవ ప్రపంచయుద్ధకాలమున హెరాల్డ్ స్వెర్‌డ్రుప్, వాల్టర్ మంక్ అనువారు గాలి వేగమును, అది వీచిన కాలమును, నీటిపై సాగిన దూరమును బట్టి అలల యెత్తును అంచనా కట్టు పద్ధతిని కల్పించిరి. 1944 జూన్‌లో నార్మండీ తీరమున సైన్యములు దిగుటకు ఆ విద్య అక్కరకు వచ్చెను.

1969లో ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞుడు కిర్క్ బ్రయన్, సముద్రమును గడులుగా విభజించి, గడిగడికిని ఉష్ణతను, లవణతను, ప్రవాహమును కంప్యూటరుచే గణించు విధానమును ప్రకటించెను. అయితే గడి పొడవును, వెడల్పును సగము చేసినచో గడులు నాలుగింతలగును; కాలమును సైతము సగముసగముగా కొలువవలసి వచ్చుటచే శ్రమ ఎనిమిదింతలగును. అందుచేతనే ఈ విద్య చిరకాలము సూపర్ కంప్యూటర్లు గల సంస్థలకే పరిమితమయ్యెను. 1999లో హైదరాబాదున నెలకొన్న భారత సముద్ర సమాచార కేంద్రమగు ఇన్‌కాయిస్ అట్టి సంస్థయే. కడలికి దూరమున నుండియు అది జాలరులకు అలల రాకను ముందుగా తెలుపుచున్నది.

ఇటీవల దూరమందలి కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకు తీసికొను క్లౌడ్ పద్ధతి వచ్చినది. అయితే సముద్రగణనమున ప్రతి గడియు అడుగడుగునను పొరుగు గడితో అంకెలు మార్చుకొనవలెను గనుక, యంత్రముల నడుమ సంధానము మందగించిన నాడు ఆ గడుల గణితనమూనా కుంటుపడెడిది. ఆ సంధానము వేగవంతమైన పిదప, అమెరికా సముద్ర వాతావరణ సంస్థయగు నోవా తీరసముద్ర నమూనాలను క్లౌడ్‌పై నడిపి చూచుటకు పూనుకొనెను. తుఫాను వేళ యంత్రములను పెంచుకొని, అది తీరగానే విడిచిపెట్టవచ్చును.

తుఫాను తీరము దాటిన పిమ్మట ముగిసిన గణితము ఎంత నిర్దుష్టమైనను నిష్ప్రయోజనము. యంత్రములు కొనజాలని చిన్నదేశపు జాలరికిని సకాలమున హెచ్చరిక అందిననాడే ఈ విద్య సార్థకమగును.