దోషమే గుణమైన కథ: వాల్వు వర్ధకము, గిటారు నాదము

పాత వాల్వు రేడియో ఉన్న ఇండ్లలో పెరిగినవారికి ఒక విషయము జ్ఞాపకముండును. మీట త్రిప్పిన వెంటనే అది పలుకదు. లోపలి గాజు వాల్వులు వేడెక్కవలెను. అటు పిమ్మటగాని పాట వినబడదు. ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత ఈ వాల్వులు రేడియోలనుండి, టెలివిజనులనుండి, గణన యంత్రములనుండి క్రమముగా తొలగిపోయినవి. కాని విద్యుత్ గిటారు వాయించువారిలో పెక్కుమంది నేటికిని వాల్వు వర్ధకమునే కోరుచున్నారు. అది బరువైనది, ఖరీదైనది, తరచు మరమ్మతు కోరునది. అయినను దాని నాదము వేరని వారందురు. ఇది వట్టి అభిమానమా, లేక దీనికి భౌతికశాస్త్రమున ఆధారము కలదా? అట్టి వర్ధకమును బాగుచేయువాడు దేనిని దోషమని తీసివేయవలెను? దేనిని గుణమని కాపాడవలెను? ఈ ప్రశ్నలకు జవాబు వాల్వు చరిత్రలోనే ఉన్నది.

విరూపణముతో పోరాటము

1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడవ ఎలక్ట్రోడును చేర్చెను. అదియే గ్రిడ్డు. వేడెక్కిన కాథోడునుండి వెలువడిన ఎలక్ట్రానులు ప్లేటు వైపు పోవుచుండగా, నడుమనున్న తీగెల గ్రిడ్డు వాని రాకపోకలను అదుపు చేయును. కాలువ తూము తలుపును కొద్దిగా కదలించినచో నీటి ప్రవాహమంతయు మారినట్లు, గ్రిడ్డుపై స్వల్పమైన వోల్టేజి మార్పు ప్లేటు ప్రవాహములో పెద్ద మార్పు కలిగించును. వర్ధనమనగా ఇదియే.

అయితే తూమునకు హద్దులున్నవి. పూర్తిగా మూసిన తరువాత ఇంకను మూయలేము; పూర్తిగా తెరచిన తరువాత ఇంకను తెరువలేము. వాల్వు కూడ అంతే. సంకేతము మితిమీరినచో తరంగ శిఖరములు అణగిపోవును, లేక తెగిపోవును. లోపలికి వచ్చిన తరంగ రూపము వెలుపలికి వచ్చునప్పటికి మారిపోవును. దీనినే విరూపణము అందురు.

టెలిఫోను ఇంజనీర్లకు విరూపణము పెద్ద శత్రువు. 1915లో న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల నడుమ వాల్వు వర్ధకముల సహాయముతో సంభాషణ సాధ్యమైనది. దూరపు మార్గములో వర్ధకములు వరుసగా ఉండును. ఒక్కొక్కటి చేయు కొద్దిపాటి విరూపణము కూడుకొని చివరకు మాటయే చెడును. దీనికి ఉపాయము వెదకుచున్న హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టులో ఒక ఉదయము హడ్సన్ నదిని పడవపై దాటుచు, చేతనున్న వార్తాపత్రిక పుటపై తన ఆలోచనను వ్రాసికొనెను. వర్ధకమునుండి వెలువడిన సంకేతములో కొంత భాగమును తలక్రిందులుగా మరల ప్రవేశమునకు పంపినచో విరూపణము తగ్గును. దీనికి ఋణ పునర్నివేశము అని పేరు. వర్ధనము కొంత తగ్గినను, స్వచ్ఛత పెరిగినది.

గిటారునకు గొంతు వచ్చుట

ఆ రోజులలోనే వాద్యబృందములలో ఇత్తడి బూరల మ్రోతకు గిటారు శబ్దము వినబడకుండెను. లాస్ ఏంజిల్స్‌లో జార్జి బోషాంప్ 1931లో తీగెల దగ్గర అయస్కాంతము, తీగెచుట్ట అమర్చి విద్యుత్ గిటారును రూపొందించెను. ఉక్కు తీగె కదలిన, చుట్టలో స్వల్ప విద్యుత్తు పుట్టును. దానిని పెంచుటకు వర్ధకము కావలసివచ్చెను.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున 1938లో రేడియో మరమ్మతు దుకాణము పెట్టిన లియో ఫెండర్ తరువాత గిటారు వర్ధకములను తయారుచేయ నారంభించెను. ఆయన లక్ష్యము స్వచ్ఛమైన నాదము. 1952లో వెలువడిన ‘బాస్‌మన్’ వర్ధకము మంద్రస్థాయి గిటారు కొఱకు చేయబడినది. కాని సాధారణ గిటారు వాయించువారును దానిని వాడసాగిరి. ధ్వని మీటను మిక్కిలిగా త్రిప్పినపుడు వచ్చు గరగరలాడు నాదము వారిని ఆకర్షించినది. ఇంజనీరు తప్పించుకొనదలచిన దానినే వాద్యకారుడు కోరుకొనెను.

చెడిన యంత్రము నేర్పిన పాఠము

1951 మార్చిలో ఐక్ టర్నరు బృందము ‘రాకెట్ 88’ అను పాటను రికార్డు చేయుటకు మెంఫిస్ నగరమునకు వచ్చెను. గిటారు వాద్యకారుడు విల్లీ కిజార్ట్ వర్ధకము దారిలో దెబ్బతిన్నది. ఎట్లు దెబ్బతిన్నదను విషయమున కథనములు వేర్వేరుగా నున్నవి. మరమ్మతునకు వ్యవధి లేనందున, రికార్డు చేయుచున్న శామ్ ఫిలిప్స్ స్పీకరులో కాగితము కుక్కి పని జరిపించెను. గరగరలాడు ఆ నాదముతోనే పాట ప్రసిద్ధి పొందినది.

దాదాపు పదేండ్లకు నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డగుచుండగా, ధ్వని నియంత్రణ బల్లలో ఒక భాగము చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన గిటారు బొంగురుగా వినబడినది. దానిని అట్లే ఉంచిరి. 1961లో ఆ పాట వెలువడగా ఇతరులును అదే నాదము కావలెననిరి. కాని చెడిన యంత్రము ఎల్లకాలము ఒకే తీరున చెడియుండదు కదా! అందుచే ఇంజనీరు గ్లెన్ స్నాడీ అదే ఫలితమును ట్రాన్సిస్టరులతో కావలెనని సాధించెను. 1962లో ఆ పరికరము అంగడికి వచ్చెను. యాదృచ్ఛికమైన దోషము కోరినపుడెల్ల కలిగింపదగిన గుణమైనది.

ఆ సంవత్సరమే లండనులో జిమ్ మార్షల్ దుకాణమున కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లు బాస్‌మన్ వలయము ననుసరించి వర్ధకమును నిర్మించిరి. వలయము దాదాపు అదియే. కాని భాగములు ఇంగ్లండువి. కొంత కాలమునకు శక్తి వాల్వులుగా కె.టి.66 వచ్చినవి. పది అంగుళముల స్పీకర్లకు బదులు మూసిన పెట్టెలో పండ్రెండంగుళముల స్పీకర్లు నాలుగు అమర్చిరి. నకలు అనుకొన్నది కొత్త గొంతుతో పలికినది. నాదము ఒక్క వాల్వుదే కాదనియు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు, పెట్టె కూడ వాద్యములో భాగములే యనియు దీనివలన తెలిసినది.

చెవి విన్నదానికి కారణము

తరంగము వికారము చెందినపుడు దానిలో అనుస్వరములు పుట్టును. సెకనుకు 240 కంపనముల షడ్జమమును తీసికొందము. రెండవ అనుస్వరము 480, అనగా పై షడ్జమము. మూడవది 720, పై స్థాయి పంచమము. అయిదవది 1200, ఇంకను పై స్థాయి అంతర గాంధారము. ఇవి మితముగా నున్నచో స్వరము నిండుగా వినబడును. ఏడవది, తొమ్మిదవది మొదలైనవి బలపడినకొలది కరకుదనము పెరుగును.

1973లో రస్సెల్ హామ్ ప్రచురించిన పరిశీలనలో, అతిభారముపై ట్రయోడులలో రెండవ అనుస్వరమును, ట్రాన్సిస్టరులలో మూడవ అనుస్వరమును ప్రబలముగా కనబడెను. అయితే ఆయన పరీక్షించినవి మైక్రోఫోను వర్ధకములు. ‘వాల్వు అనిన సరిసంఖ్య అనుస్వరములే’ యనుట అర్ధసత్యము. గిటారు వర్ధకపు శక్తి దశలో రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేయునపుడు సరిసంఖ్య అనుస్వరములు చాలవరకు రద్దగును. అసలు భేదము హద్దును చేరు తీరులో నున్నది. పునర్నివేశము తక్కువైన వాల్వు వర్ధకములో తరంగ శిఖరము మొదట గుండ్రబడి తరువాత తెగును. పునర్నివేశము ఎక్కువైన వర్ధకము హద్దువరకు స్వచ్ఛముగా నుండి, హద్దు దాటగనే ఒక్కసారిగా తెగును. బ్లాక్ ఉపాయము టెలిఫోనునకు వరము. ఇచ్చట మాత్రము దానిని మితముగానే వాడుదురు.

మరమ్మతునకు కొలబద్ద

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. వాద్యకారుని వ్రేలికి లోబడి మారు వికారము గుణము. మెల్లగా మీటిన స్వచ్ఛముగను, గట్టిగా మీటిన బొంగురుగను పలుకుట అట్టిది. తీగె మీటకున్నను వచ్చు శబ్దము దోషము.

పాత కండెన్సర్లు ఎండిపోయినచో సరఫరాలోని అలలు అణగక, మన దేశమున సెకనుకు 100 కంపనముల హుంకారము వినబడును. రెండు దశల నడుమనున్న కండెన్సరు కారినచో ముందు వాల్వు ప్లేటు వోల్టేజి తరువాతి గ్రిడ్డుపై పడి, ప్రవాహము మితిమీరి, ప్లేటు ఎఱ్ఱగా కాలును. కఱ్ఱపుల్లతో తట్టినపుడు గణగణలాడు వాల్వును మార్చవలెను. ఇవి నిస్సందేహముగా తీసివేయదగినవి. మంచిగా నున్న భాగములను ‘కొత్తవైతే మేలు’ అని మార్చుట మాత్రము వివేకము కాదు.

మరమ్మతు పిమ్మట నాదమును విచారించుటకును పద్ధతి కలదు. స్పీకరునకు బదులు తగిన నిరోధము తగిలించి, శుద్ధ తరంగమును పంపి, ఆసిలోస్కోపుపై శిఖరములు ఎచ్చట, ఎట్లు తెగుచున్నవో చూడవలెను. పిమ్మట స్పీకరుతో చెవికి పరీక్ష. రెండు వర్ధకములను పోల్చునపుడు రెండింటి బిగ్గరతనము సమానముగా నుండవలెను. బిగ్గరతనమును బట్టి మంద్ర, తార ధ్వనులపై చెవి సున్నితత్వము మారునని ఫ్లెచర్, మన్‌సన్‌లు 1933లో చూపిరి. బిగ్గరగా నున్నదే నిండుగా తోచును. ఏది ఏదో వినువానికి తెలియకున్న ఇంకను మంచిది.

ఒక హెచ్చరిక. వాల్వు వర్ధకములో 400 వోల్టులు, అంతకు మించియు ఉండును. మీట ఆపిన తరువాతను కండెన్సర్లలో ఆవేశము ప్రాణాంతకముగా నిలిచియుండును. శిక్షణ లేనివారు దానిని తెరువరాదు. స్పీకరు గాని, తగిన నిరోధము గాని లేక నడుపరాదు; ట్రాన్స్‌ఫార్మరు చెడును.

విరూపణము ఒక్కటే. టెలిఫోనులో అది మాటను చెరచినది. గిటారులో పాటకు ప్రాణము పోసినది. కొలత ఎంత మారినదో పరికరము చెప్పును. ఆ మార్పు మంచిదా, చెడ్డదా అనుటకు ముందు, ఆ యంత్రము ఎందులకు చేయబడినదో అడుగవలెను.