చలి వేళ మైలేజీ తగ్గేదెందుకు?

ఆదిలాబాద్: చలి ముదిరిందంటే జిల్లాలోని కారు యజమానుల నోట ఓ పాత ఫిర్యాదు మళ్లీ వినిపిస్తుంది. దసరా వరకు బాగానే నడిచిన బండి ఇప్పుడు మునుపటి మైలేజీ ఇవ్వడం లేదన్నదే దాని సారాంశం. అనుమానం మొదట పెట్రోలు బంకుపైకి, ఆ తరువాత మెకానిక్‌పైకి మళ్లుతుంది. చాలా సందర్భాల్లో ఆ ఇద్దరి తప్పూ ఉండదు.

చలికి మైలేజీ తగ్గుతుందన్నది లెక్క తేలిన విషయమే. అమెరికా ఇంధన శాఖ గణాంకాల ప్రకారం ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ నుంచి మైనస్ 7 డిగ్రీలకు పడిపోతే పట్టణ ప్రయాణంలో పెట్రోలు కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలే అయితే ఈ నష్టం 24 శాతానికి చేరవచ్చు. షికాగో వంటి నగరాల్లో స్థిరపడిన తెలుగువారికి ఇది ఏటా అనుభవమే. ఆదిలాబాద్‌లో అంతటి చలి లేదు. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడిపోవడం ఇక్కడ మామూలే. నష్టం తక్కువైనా కారణాలు మాత్రం అవే.

ఇంజిన్ వేడెక్కే దాకానే ఖర్చు

పెట్రోలు ద్రవరూపంలో సరిగా మండదు, ఆవిరైతేనే మండుతుంది. రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌లో అది పూర్తిగా ఆవిరి కాదు. కొంత భాగం లోపలి గోడలకు అంటుకుపోతుంది. ఆ లోటు పూడ్చేందుకు ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ అదనంగా పెట్రోలు పంపుతుంది. మరోవైపు చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. భాగాలు కదలడానికే అదనపు శక్తి ఖర్చవుతుంది. కూలెంట్ సుమారు 90 డిగ్రీలకు చేరేవరకు ఈ దుబారా తప్పదు.

పిల్లలను బడి వద్ద దింపి, రెండు మూడు కిలోమీటర్లకే ఆపేసే కారులో ఇంజిన్ వేడెక్కకముందే ప్రయాణం ముగిసిపోతుంది. అదే కారు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ వెళితే తొలి కొద్ది కిలోమీటర్ల నష్టం లెక్కలోకి కూడా రాదు. రోజువారీ పనులను విడివిడిగా కాక ఒకే ప్రయాణంలో ముగించుకుంటే పెట్రోలు ఆదా అవుతుందనడం ఇందుకే.

వేసవిలో ఇంజిన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వును తీయించివేసే అలవాటు కొందరిలో ఉంది. ఇంజిన్ త్వరగా వేడెక్కేందుకే ఆ వాల్వును అమర్చుతారు. అది లేని బండి చలికాలంలో ఎంత దూరం వెళ్లినా తగిన వేడికి చేరకపోవచ్చు. మైలేజీ మరీ పడిపోయిందనుకునేవారు ముందుగా చూపించుకోవలసింది దానినే.

టైర్లలో గాలి పాత్ర కొంత ఉంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గితే పీడనం దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 32 పట్టించిన టైరులో తెల్లవారుజామున 8 డిగ్రీల చలికి 28, 29 మాత్రమే మిగులుతుంది. చల్లటి గాలి సాంద్రత కూడా ఎక్కువే. ఇదే తేడాకు సుమారు 8 శాతం పెరుగుతుంది కాబట్టి జాతీయ రహదారిపై వేగంగా వెళ్లే కారుకు ఎదురయ్యే నిరోధమూ అంతమేర పెరుగుతుంది. ఏసీ వాడకం తగ్గడం వల్ల మన ప్రాంతంలో ఈ నష్టం కొంత పూడుతుంది. విద్యుత్ కార్లకు ఇబ్బంది ఎక్కువ. పెట్రోలు కారులో హీటరుకు ఇంజిన్ వృథా వేడి సరిపోతుంది, విద్యుత్ కారులో ఆ భారం బ్యాటరీపైనే పడుతుంది.

షెడ్డులో స్టార్ట్ చేసి వదిలేస్తే ప్రమాదం

ఉదయాన్నే కారు స్టార్ట్ చేసి పది నిమిషాలు అలాగే వదిలేయడం కొందరికి అలవాటు. ఆ సమయంలో వచ్చే మైలేజీ సున్నా. ఇప్పటి కార్లకు 30 సెకన్లు చాలు, ఆపై నెమ్మదిగా నడిపితే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపడం మాత్రం ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. స్పృహ తప్పేదాకా ప్రమాదం తెలియకపోవచ్చు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు రాకముందు కొన్న ద్విచక్ర వాహనాల్లో అధిక భాగం కార్బ్యురేటర్‌వే. వాటికి చోక్ లాగి, తిరిగి నెట్టడం మరచిపోతే పెట్రోలు ఖర్చు పెరగడమే కాక ప్లగ్ నల్లబడుతుంది.

తెల్లవారుజామున పెట్రోలు పోయించుకుంటే ఎక్కువ వస్తుందన్న నమ్మకంలో పస తక్కువ. బంకు ట్యాంకులు భూగర్భంలో ఉండటంతో ఉదయానికి, మధ్యాహ్నానికి ఇంధనం ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు. దూర ప్రయాణంలోనూ మైలేజీ రాకపోతే చలిని నిందించి ప్రయోజనం లేదు. ఎయిర్ ఫిల్టర్‌ను, పట్టేస్తున్న బ్రేకులను పరీక్షింపజేయాలి. కొలతపైనే సందేహం ఉంటే, బంకులో ఉంచే 5 లీటర్ల ప్రామాణిక పాత్రతో తమ ఎదుటే కొలిచి చూపమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది.