ఎంగిలి, తువాలు, గాలి: కోలారు బంగారు గనుల ఇళ్లలో ఉమ్మడి వస్తువులు

కోలారు జిల్లా తెలుగు ఇళ్లలో మొన్నమొన్నటి దాకా నడిచిన ఒక పద్ధతితో ఈ వ్యాసం మొదలుపెడతాము. జాలాడి పక్కన దండెం మీద ఇంటికంతటికీ ఒకే తువాలు ఉండేది. గూట్లో ఒకే సబ్బు, అద్దం దగ్గర ఒకే దువ్వెన. ఇంటిల్లిపాదీ వాటినే వాడేవారు; అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. అదే ఇంట్లో అన్న తాగిన చెంబును తమ్ముడు పెదవికి తాకించడు, ఎత్తి పోసుకొని తాగుతాడు. ఒకరు నమిలిన వేపపుల్లను మరొకరు చేత్తోనైనా ముట్టరు. బెంగుళూరు, మైసూరు, మద్రాసు హాస్టళ్లలో పెట్టెకు తాళం వేసి సబ్బు దాచుకొనే మా విద్యార్థులకు ఈ రెండు నియమాలూ ఒకదానికొకటి పొసగనట్లు తోస్తాయి. తువాలుకు లేని పట్టింపు చెంబుకు ఎందుకని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

జవాబు మాటలోనే ఉంది. తెలుగులో ఎంగిలి, కన్నడంలో ఎంజలు, తమిళంలో ఎచ్చిల్. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండవ కూర్పు 1984) ఈ మాటలను ఒకే ధాతువు కింద చేర్చింది. ఆ ధాతువుకు మిగలడం, శేషించడం అని అర్థం. ఒకరు తినగా తాగగా మిగిలినది ఎంగిలి. నోటి తడి అన్న అర్థం దానికి అంటుకొని వచ్చింది. కనుక ఈ నియమానికి ఆధారం మురికి కాదు, నోరు. ఒంటికి తగిలినది నీళ్లతో పోతుంది. నోటికి తగిలినది పోదు. తువాలు ఉతికితే మడి. సబ్బు నీళ్లలోనే అరుగుతుంది కాబట్టి దానికి మైల నిలవదని పెద్దల వాదన. మడి, మైల అన్న మాటలు కూడా కొద్ది మార్పుతో కన్నడంలో ఉన్నవే. మూడు భాషలవాళ్లు పక్కపక్కన బతికిన బంగారు గనుల్లో ఈ విషయంలో ఎవరూ ఎవరికీ కొత్తగా నేర్పవలసిన పని లేకపోయింది.

ఎంగిలికి మినహాయింపులు లేకపోలేదు. చంటిబిడ్డ ఎంగిలి తల్లికి ఎంగిలి కాదు. భర్త తిన్న ఆకులో భార్య తినడం చాలా ఇళ్లలో ఆచారం. భార్య తిన్న ఆకులో భర్త తినడం మేము ఎక్కడా వినలేదు. నెలసరి రోజుల్లో స్త్రీకి చాప, చెంబు, కంచం వేరు. ఇంట్లో ఏది ఉమ్మడి, ఏది వేరు అన్న లెక్కలో ఎవరు పై, ఎవరు కింద అన్న లెక్క కూడా కలిసే ఉండేది.

వేపపుల్ల, కానుగపుల్ల కాలంలో పళ్లు తోముకొనే వస్తువు గురించి తగవు పుట్టడానికే వీలులేదు. పుల్లతో తోమి, దాన్నే చీల్చి నాలుక గీసుకొని పారేసేవారు. ఆపైన పళ్లపొడి వచ్చింది. 1913లో నంజనగూడులో మొదలైన సద్వైద్యశాల వారి పళ్లపొడి పాత మైసూరు ప్రాంతమంతటా అలవాటైనది. పొడి ఉమ్మడిదే, కాని ఎవరి అరచేతిలో వారు పోసుకుంటారు, ఎవరి వేలు వారిది. పాత నియమానికి ఏ భంగమూ రాలేదు. బ్రష్షు వచ్చాకనే నోటికి తగిలి కూడా పారవేయకుండా ఇంట్లో నిలిచే వస్తువు ఒకటి ఏర్పడింది. అందుకే రంగురంగుల బ్రష్షులు, ఎవరిది ఏదన్న గుర్తులు. సబ్బు దారి వేరు. 1916లో మైసూరు సంస్థానం బెంగుళూరులో సబ్బుల ఫ్యాక్టరీ పెట్టింది. సున్నిపిండి, సీకాయ ఇంట్లో కొట్టుకొనేవి. గంధపు సబ్బు డబ్బు పెట్టి కొనేది. ధర పెరిగిన కొద్దీ ఉమ్మడి సబ్బు పండుగలకూ చుట్టాలకూ దాచిన సబ్బు అయింది. ఇది శుచికి సంబంధించినది కాదు, పొదుపుకు సంబంధించినది. ఈ రెంటినీ కలిపి చూడడం పొరపాటు.

ఇప్పుడు గనుల సంగతికి వద్దాము. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ పాదం మోపింది. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గం గనులు లేచాయి. ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి తమిళులు, చిత్తూరు, కోలారు పల్లెల నుంచి తెలుగువారు పనికి వచ్చారు. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది, బేతమంగళం చెరువు నుంచి నీళ్లు వచ్చాయి. కరెంటు గని యంత్రాలకు. కూలి లైన్లలో మాత్రం వెదురు తడకల గోడలు, ఒకటే గది, వీధికొక కొళాయి. పల్లెలో జాలాడి ఇంటి వెనుక ఉండేది. ఇక్కడ ఇంటి వెనుక మరొకరి ఇల్లు. నెలసరికి దూరంగా కూర్చోవడానికి కూడా చోటు లేక ఆ ఆచారం చాప ఒక మూలకు జరపడం దాకా కుదించుకుపోయింది. వస్తువులు వేరు చేయాలన్నా గోడకు మేకు తప్ప వేరే చోటు లేదు.

అటువంటి గదిలో వేరు చేయవలసిన అవసరం నిజంగా వచ్చింది, అదీ ఇంటి సంపాదనపరుడి విషయంలోనే. గనిలో బంగారం చెకుముకి రాతి జాతికి చెందిన తెల్లరాయిలో ఉంటుంది. దాన్ని పొడిగా తొలిచినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి వాటిని గట్టిపరుస్తుంది. ఆ వ్యాధి సిలికోసిస్. 1940–46 మధ్య కోలారు గనుల్లో 7,653 మంది కార్మికులను పరీక్షించగా 43.7 శాతం మందిలో అది కనిపించింది. భారతదేశపు వైద్య సాహిత్యంలో ఈ వ్యాధిని గురించిన తొలి పెద్ద సర్వే ఇదే. దగ్గు, ఆయాసం, చిక్కిపోవడం: ఇంట్లోవాళ్లకు కనిపించే లక్షణాలు ఇవే. క్షయకూ ఇవే. ఎక్స్‌రే లేకుండా ఒకదాని నుంచి ఒకటి విడదీయడం వైద్యుడికే కష్టం, భార్యకు ఎలా తెలుస్తుంది?

దక్షిణాదిలో ఎక్కడైనా క్షయ అని అనుమానం వస్తే ఇల్లు చేసే మొదటి పని ఒకటే. గ్లాసు వేరు, కంచం వేరు, తువాలు వేరు. కోలారు ఇళ్లు దీనికి మినహాయింపు కాదు. ఉమ్మడి దండెం మీది తువాలు ఒకటై ఉండగా మేకుకు రెండవది వేలాడడం మొదలైందంటే ఆ ఇంట్లో ఎవరికో జబ్బు. పాత ఎంగిలి నియమం ఇక్కడ కొత్త పనికి వచ్చింది. నోటికి తగిలినది వేరు చేయడం వారికి ముందే తెలుసు. ఇప్పుడు ఒంటికి తగిలినది కూడా ఆ లెక్కలోకి చేరింది. దీన్ని క్రూరత్వమని మేము అనలేము. పిల్లలున్న తల్లి చేయగలిగిన జాగ్రత్త అదే. అయితే ఒకటి మరువరాదు. గనుల్లో పనిచేసినవారిలో దళితులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. పల్లె టీ అంగడిలో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మనిషి అతడు. దాన్ని తప్పించుకోవడం కూడా గనికి రావడానికి ఒక కారణమై ఉంటుంది. చివరికి తన ఇంట్లో, తన భార్య చేతి మీదుగా, తనకు వేరు గ్లాసు వచ్చినప్పుడు అతనికి ఏమనిపించి ఉంటుందో ఏ సర్వేలోనూ లెక్కకు రాలేదు.

పైగా ఆ జాగ్రత్త తప్పు వస్తువు మీద పెట్టినది. సిలికోసిస్ అంటువ్యాధి కాదు. అది ధూళి వల్ల వచ్చినది, ఒకరి నుంచి ఒకరికి పోదు. క్షయ అంటుతుంది, కాని గ్లాసు ద్వారా, తువాలు ద్వారా కాదు, గాలి ద్వారా. సిలికా ధూళి నిండిన ఊపిరితిత్తులకు క్షయ సులభంగా సోకుతుంది కాబట్టి రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండడం అరుదు కాదు. ఇంట్లోవాళ్ల భయం పూర్తిగా నిరాధారమని అందుకే చెప్పలేము. కాని గ్లాసులు వేరు చేసినవారు రాత్రి తలుపు మూసి అదే గదిలో, అదే గాలిలో పడుకున్నారు. ఉన్నది ఒకటే గది. గాలికి మేకు కొట్టలేము గదా.

స్తోమత ఉన్నవారు రోగిని మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి తీసుకువెళ్లేవారు. 1912లో మొదలైన ఆ క్షయ చికిత్సాలయం కోలారు సరిహద్దుకు దూరమేమీ కాదు. అక్కడి చికిత్సలో ముఖ్యమైనవి విశ్రాంతి, తిండి, మంచి గాలి. మందులు వచ్చాక 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలైంది. పేద, ఇరుకు ఇళ్ల రోగులు 193 మందిలో కొందరికి ఇంట్లోనే, కొందరికి శానిటోరియంలో ఒకే మందులతో ఒక సంవత్సరం చికిత్స చేశారు. ఇంట్లో ఉన్నవారు కూడా దాదాపు అంతే బాగుపడ్డారు. అంతకన్నా మనకు ముఖ్యమైనది, ఇంట్లో చికిత్స పొందినవారి వల్ల కుటుంబానికి అదనంగా జబ్బు సోకలేదు. రోగిని ఇల్లు దాటించడమే అనవసరమైనప్పుడు అతని గ్లాసును వేరు చేయడానికి మిగిలిన కారణమేమిటి? 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ వెలసింది. దేశపు క్షయ కార్యక్రమం ఇంటి చికిత్స దారిలోనే నడిచింది. మేకు మీది రెండవ తువాలు మాత్రం అంత త్వరగా దిగలేదు.

జబ్బు పేరులో డబ్బు సంగతి కూడా ఉంది. నష్టపరిహార చట్టం కింద సిలికోసిస్ వృత్తి వ్యాధి; క్షయ తోడైతే సిలికోసిస్ ప్రధాన కారణమని తేలాలి. వట్టి క్షయ అంటే గని కార్మికుడికి ఏమీ రాదు. ఇంట్లో గ్లాసు వేరు చేసి, వీధిలో క్షయ అని పేరు పడితే, అది ధూళి తెచ్చిన జబ్బు కాక ఇంటి జబ్బు అయిపోతుంది. బాధ్యత గనిది కాక కుటుంబానిది అవుతుంది. వేరు తువాలు వేసిన భార్య ఇంత ఆలోచించి ఉండదు. అయినా ఫలితం అదే.

ఇంతకూ వైద్యం దృష్టిలో నిజంగా వేరు చేయవలసినవి ఏవి? ఉమ్మడి తువాలు కళ్లకలకను, ట్రకోమాను ఒక కంటి నుంచి మరొక కంటికి మోస్తుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన నెత్తురు మరకలో ఏడు రోజులైనా బతుకుతుంది. అది క్షురకత్తి మీద, బ్లేడు మీద ఉండవచ్చు. ఊరంతటికీ ఒకే మంగలి కత్తి, ఇంట్లో తండ్రీకొడుకులకు ఒకే బ్లేడు: వీటికి ఎంగిలి లేదు గనుక ఎవరూ శంకించలేదు. 1980ల చివర ఎయిడ్స్ భయంతోనే బ్లేడు మార్చమని అడగడం మన మంగలి షాపుల్లో అలవాటైంది. బ్రష్షు విషయంలో మాత్రం పాత ఎంగిలి నియమమూ వైద్యమూ ఒకటయ్యాయి. అంతవరకు పెద్దలదే పైచేయి.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్రానికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడి 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. ఇప్పుడు వేలమంది తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పనులకు వెళ్తారు; వాళ్ల సంచుల్లో దువ్వెన, చిన్న తువాలు సొంతానివి. ఊరి మధ్య సైనైడ్ దిబ్బల పొడి గాలి వేసవిలో ఇళ్లలోకి ఇప్పటికీ వస్తుంది.

ఈ వస్తువుల పేర్లు, వాటిని వేరు చేసే మాటలు లైన్లలోని తెలుగు ఇళ్లలో ఒక తీరు, ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో మరొక తీరు. ఆ వైపు నుంచి వచ్చిన విద్యార్థులు సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు అవ్వలను అడిగి రాసుకొని రావలసిందిగా కోరుతున్నాము. వేరు చేసిన గ్లాసుకు మీ ఇంట్లో ప్రత్యేకంగా పేరు ఉండేదా అన్నది ముందుగా అడగండి.