నాలుగు ఊపిర్లు

ఇంకో రెండు సర్వి పుల్లలు ఎగదొయ్యండి, పిలకాయలూ. సముద్రం గాలి ఎక్కువైంది. అమ్మణ్ణీ, నువ్వు ఈ పక్కకు రా, పొగంతా నీ కళ్లల్లోకే పోతా ఉండాది.

ఏం అబ్బయ్యా, బోటు ఇంజిన్ మొరాయిస్తా ఉందని పొద్దుటి నించి మొహం వేలాడేసుకోనున్నావు. ఎట్టాంటి సద్దు చేస్తా ఉందిరా అంటే, "ఏదో తేడాగా ఉంది తాతా" అంటివి. ఆ "ఏదో" అనే మాట మా మేస్త్రి ముందర అనుంటే ఆ పూటకి మమ్మల్ని ఇంజిన్ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆయన సంగతి చెప్తా, వినండి.

మా నాయన బకింగ్‌హామ్ కాలవ మీద పడవ నడిపేవాడు. ఇస్కపల్లి ఉప్పు, సర్వి కట్టెలు ఎత్తుకోని మద్రాసు దాకా పొయ్యేవాళ్లు. గాలి ఉంటే తెరచాప, గాలి పడిపోతే గట్టు మీద నడుస్తా మోకు భుజానేసుకోని లాగడమే. ఎనిమిదేళ్లప్పుడే నేనూ లాగినా. భుజం తోలు లేచిపొయ్యేది. ఒకనాటి రాత్రి పడవలో పడుకోనుంటే పడమటి నించి రైలు కూత వినబడింది. "దాన్ని ఎవురు లాగతారు నాయనా?" అన్నా. "నీళ్లూ నిప్పూ లాగతాయిరా" అన్నాడు. నాకింక నిద్ర పట్టలా. నీళ్లు పోస్తే నిప్పు ఆరిపోతాది గదా, ఆ రెండూ పొత్తు కలిసి బండిని ఎట్టా లాగతాయి?

ఆ జవాబు వెతుక్కుంటా 1962లో బిట్రగుంట షెడ్డులో క్లీనర్‌గా చేరినా. మద్రాసు నించి విజయవాడకు పెద్ద లైను 1899లో కలిసింది. ఆ దారిలో మన బిట్రగుంట ఆవిరి ఇంజిన్లకు పుట్టిల్లు లాంటిది. గుండ్రటి షెడ్డు, మధ్యలో తిరుగుడు పట్టా. బొగ్గూ నీళ్లతో కలిపి 170 టన్నుల పైచిలుకు ఇంజిన్‌ని దాని మీదికి ఎక్కించి, బరువు సరిగ్గా నడిమికి వచ్చేటట్టు నిలబెడితే, నలుగురం భుజాలు పెట్టి నెడితే తిరిగేది. అంగుళం అటో ఇటో అయిందా, కదిలేది కాదు. కాలవ గట్టు మీద మోకు లాగిన నా భుజానికి ఆ రోజు తెలిసింది, బలం కన్నా లెక్క గొప్పదని.

రాత్రి ఏ వేళయినా కాల్ బాయ్ లాంతరు పట్టుకోని క్వార్టర్లకు పొయ్యి డ్రైవర్లను లేపుకోనొచ్చేవాడు. ఊరంతా ఇంజిన్ కూతల లెక్కనే లేచేది, పడుకునేది.

మా మేస్త్రి మొదటి నెలంతా నా చేతికి స్పానరు ఇవ్వలా. ఒక గుడ్డపీలిక, కిరసనాయిలు డబ్బా ఇచ్చి, "తుడవరా" అన్నాడు. తుడస్తా తుడస్తా ఉంటే ఏ బోల్టు యాడుందో, ఏ కడ్డీ దేన్ని కదిలిస్తాదో వేళ్లకే తెలిసిపోయింది. నా చిన్ననాటి ప్రశ్నకు జవాబు కూడా అప్పుడే దొరికింది. సిలిండర్లో పని చేసి అలిసిపోయిన ఆవిరిని ఊరికే వదిలెయ్యరు నాయనా. సన్నమూతి గొట్టం గుండా పొగగొట్టంలోకి చిమ్ముతారు. ఆ దూకుడుకు పొగ కూడా వెంటబడి పోతాది, వెనకాల పొయ్యిలోకి కొత్తగాలి జొరబడతాది. మీ అవ్వ ఊదుగొట్టంతో ఊది పొయ్యి రాజేస్తాది గదా, ఇక్కడ ఊదే పని లేదు, లాగే పని. ఎంత బరువు లాగితే నిప్పు అంత రేగుతాది. నీళ్లు నిప్పును ఆర్పకపోగా, దానికి ఊపిరి పోస్తాయి!

ఇంక ఆ ఊపిరి సంగతి. రెండు సిలిండర్ల ఇంజిన్ చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు సార్లు ఊపిరి వదులుతాది. ఛుక్, ఛుక్, ఛుక్, ఛుక్. నాలుగూ ఒకే తూకంలో ఉండాల. ఒక సందకాడ మేస్త్రి, నేను టీ తాగతా ఉంటే కావలి వైపు నించి గూడ్సు బండి వస్తా ఉంది. డబ్ల్యూజీ ఇంజిన్. ఆయన గ్లాసు కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు. "విను" అన్నాడు. నాకు రైలు చప్పుడే వినబడింది. "మళ్లీ విను. నాలుగులో ఒకటి బరువు, ఒకటి తేలిక."

అప్పుడు పట్టింది నా చెవికి. ఛుక్, ఛుక్, ఛ్ఛుక్, చు. కుంటికాలు వేసినట్టు.

బండి నెమ్మదించినాక ఆయన లేచి, ఇంజిన్ పక్కనే దాంతో సమంగా నడిచినాడు. తేలిక ఊపిరి వచ్చినప్పుడల్లా క్రాంకు యాడుందో చూసినాడు. "కుడి పక్క వాల్వు. కడ్డీ నట్టు వదులైంది, వాల్వు రవ్వంత జరిగింది. అందుకే ఒక పక్క దోవ ఎక్కువ తెరుచుకుంటా ఉంది, రెండో పక్క తక్కువ" అన్నాడు. ఇంజిన్ షెడ్డులోకి వచ్చి చల్లారినాక మూత విప్పి చూస్తే, ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. నట్టు బిగించి, కొలిచి, తనిఖీ చేసి వదిలినాం. మర్నాడు పొద్దున అది షెడ్డు దాటతా ఉంటే మేస్త్రి నా భుజం మీద చెయ్యేసి నిలబడినాడు. నాలుగు ఊపిర్లూ సమం. జబ్బు నయమై ఇంటికి పొయ్యే బిడ్డను సాగనంపినట్టు అనిపించింది నాకు.

ఇంకోటి బాయిలర్. దాంట్లో చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడి. కారు టైర్లో గాలికి ఏడింతలు. మన తీరంలో నీళ్ల సంగతి మీకు తెలుసు గదా, నాలుగు నాళ్లు కాచితే గిన్నె అడుగున తెల్లగా గార కడతాది. అదే గార బాయిలర్లో పడితే వేడి నీళ్లకు చేరదు, లోహం కాలిపోతాది. అందుకని కొన్నాళ్లకొకసారి నిప్పు దించి, చల్లార్చి, లోపలంతా కడిగేవాళ్లం. ఇదిగో చూడు, పొయ్యి నెత్తిన ఒక సీసం బిరడా ఉంటాది. నీళ్లు దానికన్నా తగ్గితే ఆ సీసం కరిగి, ఆవిరి పొయ్యిలోకి చిమ్మి మనిషిని హెచ్చరిస్తాది. ఎవురో ఒక మహానుభావుడు ఏమారిన మనిషిని కూడా లెక్కలో పెట్టుకోని యంత్రాన్ని గీసినాడు చూడు, ఆ ఆలోచనకు నేను ఇప్పటికీ దండం పెడతా.

చూపుకి అందం కావాలంటే డబ్ల్యూపీ ఇంజిన్. 1947లో అమెరికా నించి మొదటివి దిగినాయి. ముందర తుపాకి గుండు మాదిరి ముక్కు, దాని మీద నక్షత్రం. దాన్ని తుడిచే వంతు వస్తే నేను తువ్వాలు కూడా ఉతికిందే తెచ్చుకునేవాణ్ణి.

1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది, మా డివిజను దాంట్లో కలిసింది. ఆ తరవాత డీజిళ్లు వచ్చినాయి. 1980 వచ్చేసరికి విజయవాడ-మద్రాసు లైనంతా కరెంటు తీగలు పడినాయి. మన షెడ్డులో పొగ తగ్గతా వచ్చింది. ఒకనాడు తిరుగుడు పట్టా గుంతలో గడ్డి మొలిస్తే, దాన్ని నేనే పీకి పారేసినా. దేశంలో పెద్ద లైను మీద ఆవిరి బండి 1995లో ఆగింది.

ఆ 1980లోనే జులై 18న పొద్దున్నే, ఇదే తీరానికి దక్షిణాన శ్రీహరికోటలో ఎస్సెల్వీ-3 రాకెట్టు ఎగిరి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. రేడియోలో విని షెడ్డంతా చప్పట్లు కొట్టినాం. దాని బొమ్మ పేపర్లో చూపించి మేస్త్రి ఏమన్నాడో తెలుసా? "కింద చూడు, మన గొట్టం లాగే సన్నమూతి. ఆవిరైనా మంటైనా సన్నదోవలో పోతేనే దూకుడు." అంత పెద్దదాంట్లో కూడా ఆయనకు తన పొగగొట్టం కనబడింది. పని తెలిసినోడికి ప్రపంచంలో ఏ యంత్రమూ పరాయిది కాదు, అబ్బయ్యా.

నిప్పు తగ్గతా ఉండాది. పొద్దుపోయింది, ఇంక పడుకోండి. అబ్బయ్యా, నువ్వు మాత్రం తెల్లారంగానే రేవుకు పో. పనిముట్ల పెట్టె ఇంట్లోనే పెట్టు. ఇంజిన్ స్టార్టు చేసి, దాని పక్కన కూర్చో. చప్పుడు యాడ బరువో, యాడ తేలికో, వేడెక్కినాక మారిందో లేదో గుర్తు పెట్టుకో. కట్టె పట్టుకోని నిదానంగా నేనొస్తా. వచ్చినాక నన్ను "ఏదో" అనకుండా చెప్పు. అప్పుడు ఇద్దరం కలిసి విప్పుదాం.