గ్రీకు, రోమన్ లోకంలో బాహ్యపఠనం

ప్రాచీన గ్రీసులోనూ రోములోనూ గ్రంథమంటే ప్రధానంగా గొంతెత్తి చదవడానికి ఉద్దేశించిన రచన. కవి అయినా, చరిత్రకారుడైనా, వక్త అయినా తన వాక్యం వినేవారి చెవిలో ఎలా పలుకుతుందో చూసుకుని రాశాడు. అందుచేత ఆ సాహిత్యాన్ని కంటితో మాత్రమే చదివితే అందులోని అర్థం కొంత, అందం చాలా జారిపోతాయి. పైకి వినబడేలా చదివే ఈ పద్ధతిని, అంటే బాహ్యపఠనాన్ని, ఆ నాగరికతలు ఒక విద్యగా, ఒక వృత్తిగా, సభామర్యాదగా పెంచి పోషించాయి.

ఈ సంప్రదాయానికి మొదలు హోమరు కావ్యాల గానంలో ఉంది. ఏథెన్సు నగరం తన అధిదేవత అథీనాకు జరిపే పానథెనాయా ఉత్సవంలో రాప్సోడులు అనే వృత్తికళాకారులు ఆ కావ్యాలను, ఒకరు ఆపిన చోట మరొకరు అందుకుంటూ, వరుస తప్పకుండా వినిపించేవారు. అటువంటి ఒక రాప్సోడుతో సోక్రటీసు జరిపిన సంభాషణగా ప్లేటో 'ఇయోన్' అనే గ్రంథమే రాశాడంటే, శ్రోతలను ఏడిపించగల ఆ కళ ఆనాటి మేధావులను ఎంత ఆలోచింపజేసిందో గ్రహించవచ్చు.

లిఖితగ్రంథం రూపం కూడా గొంతునే ఆశ్రయించుకుని ఉండేది. పపైరస్ చుట్టలపై నిలువు పట్టీలుగా రాసిన గ్రీకు పాఠంలో పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండేది కాదు, విరామచిహ్నాలు బహు తక్కువ. రోమన్లు మొదట్లో పదాల నడుమ చుక్కలు పెట్టినా, క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో ఆ అలవాటు మాని గ్రీకుల బాటే పట్టారు. అటువంటి పాఠాన్ని సభలో తడుముకోకుండా చదవాలంటే ముందుగా సాధన చేసి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ అర్థం ముగుస్తుందో నిర్ణయించుకోవలసిందే. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన వ్యాకరణకర్త డయొనీసియస్ త్రాక్స్ వ్యాకరణశాస్త్రపు అంగాలను లెక్కిస్తూ స్వరశుద్ధితో కూడిన పఠనానికి మొదటి స్థానమిచ్చాడు. విషాదనాటకాన్ని గంభీరంగా, హాస్యనాటకాన్ని నిత్యజీవితంలో మాట్లాడినట్టు, వీరకావ్యాన్ని బిగువుగా, శోకగీతాన్ని ఆర్తితో చదవాలని ప్రక్రియవారీగా విధించాడు.

ఈ నియమాల వెనుక ఆ భాషల ధ్వనిస్వభావం ఉంది. గ్రీకు, లాటిన్ ఛందస్సులు రెండూ తెలుగు, సంస్కృత ఛందస్సుల మాదిరిగానే గురులఘువుల కూర్పుపై ఆధారపడ్డవి. హోమరు, వర్జిల్ వాడిన షట్పాద వృత్తంలో, అంటే హెక్సామీటరులో, ఆరు గణాలుంటాయి: మొదటి నాలుగింటిలో ఒక్కొక్కటి భగణం గాని రెండు గురువులు గాని కావచ్చు, అయిదవది ఎక్కువగా భగణమే, ఆరవది రెండక్షరాలతో ముగుస్తుంది. దీర్ఘాన్ని దీర్ఘంగా పలకని నోటిలో ఈ వృత్తం వృత్తంగా నిలవదు. గ్రీకులో దీనికి తోడు వేదభాషలోని ఉదాత్తాన్ని పోలిన స్వరం, అంటే పదంలో ఒక అక్షరాన్ని హెచ్చు శ్రుతిలో పలికే పద్ధతి, ఉండేది. క్రీ.పూ. 1వ శతాబ్దపు విమర్శకుడు హలికార్నాసస్ వాసి డయొనీసియస్ ఈ ఆరోహణ అవరోహణల పరిధి, సంగీతపు లెక్కలో, సుమారుగా షడ్జమానికీ పంచమానికీ మధ్య ఉన్నంత అని కొలిచి చెప్పాడు. ఆ స్వరాలను సూచించే గుర్తులను కల్పించిన ఘనత అలెగ్జాండ్రియా గ్రంథాలయాధిపతి, బైజాంటియమ్ వాసి అరిస్టోఫనీస్‌కు దక్కుతూ వచ్చింది.

రోములో బాహ్యపఠనం గృహజీవితంలోకీ వచ్చింది. సంపన్నుల ఇళ్లలో లెక్టర్ అనే వాచకుడు, చాలాసార్లు విద్యావంతుడైన బానిస, భోజనవేళ గ్రంథాలు చదివి వినిపించేవాడు. సోసితియస్ అనే తన యువవాచకుడు మరణించినప్పుడు సిసిరో ఆ దుఃఖాన్ని మిత్రుడు అట్టికస్‌కు రాసిన లేఖలో చెప్పుకున్నాడు. చిన్న ప్లినీ తన మేనమామ పెద్ద ప్లినీ గురించి రాసిన లేఖలో ఆ భోజనశాల కళ్లకు కట్టినట్టు కనబడుతుంది: వాచకుడు ఒక మాట తప్పు పలికితే అతిథి ఒకరు ఆపించి మళ్లీ చదివించారు, అర్థమైందా కాలేదా అని పెద్దాయన అడిగి, అయిందని తెలుసుకుని, మరి ఎందుకు ఆపావు, నీ వల్ల పది పంక్తులకు పైగా నష్టపోయామని మందలించాడు. ఒకరు ఉచ్చారణశుద్ధికి, మరొకరు విషయానికి ప్రాధాన్యమిచ్చిన ఆ చిన్న వివాదం ఆ సమాజం ఎంత శ్రద్ధగా వినేదో తెలియజేస్తుంది.

కవులు తమ కొత్త రచనలను ఆహూతుల ముందు చదివే రెసిటాషియో అనే సభాసంప్రదాయాన్ని రోములో ఆరంభించినవాడు అసీనియస్ పోలియో అని పెద్ద సెనెకా పేర్కొన్నాడు. వర్జిల్ తన 'జార్జిక్స్' కావ్యాన్ని అట్టెల్లా పట్టణంలో విశ్రాంతి తీసుకుంటున్న అగస్టస్‌కు నాలుగు రోజులపాటు వినిపించాడనీ, గొంతు అలసినప్పుడల్లా కవిపోషకుడు మెసీనస్ అందుకున్నాడనీ ఆ కవి ప్రాచీన జీవితచరిత్ర చెబుతుంది. పద్యం చదవడం తనకు బాగా రాదని తెలిసిన చిన్న ప్లినీ, వేరొకరిచేత చదివించి తాను మౌనంగా కూర్చోవాలా, లేక పెదవులతో, కళ్లతో, చేతులతో అనుసరించాలా అని రచయిత సుటోనియస్‌ను సలహా అడిగాడు. వక్తృత్వాచార్యుడు క్వింటిలియన్ బాలశిక్షణలో ఊపిరి నిలపడం, గొంతు హెచ్చించడం, తగ్గించడం నేర్పాలన్నాడు. కడుపు బలహీనంగా ఉన్నవారు గట్టిగా చదవాలని సెల్సస్ తన వైద్యగ్రంథంలో సూచించాడు.

ఇంతటి ఆచారాన్ని చూసి, ప్రాచీనులకు మౌనపఠనమే తెలియదన్న అభిప్రాయం ఆధునిక పండితులలో చాలాకాలం ప్రబలింది. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ పెదవి కదపకుండా చదవడాన్ని అగస్టీన్ తన 'కన్ఫెషన్స్'లో ప్రత్యేకంగా ప్రస్తావించడం దానికి ముఖ్యాధారమైంది. 1927లో యోజెఫ్ బలోగ్ ఆ వాదాన్ని విస్తరించాడు. అయితే 1968లో బెర్నార్డ్ నాక్స్, గ్రీకు నాటకాలలోనే పాత్రలు పత్రాలను నిశ్శబ్దంగా చదువుకునే సన్నివేశాలున్నాయని చూపాడు. పైగా అగస్టీన్ తానే తోటలో పౌలు లేఖలను మౌనంగా చదివినట్టు అదే గ్రంథంలో రాశాడు. కాబట్టి ప్రాచీనులు గట్టిగా చదివింది మౌనంగా చదవడం చేతకాక కాదు. సాహిత్యానికి గొంతు అవసరమని నమ్మి చదివారు.

కాలక్రమంలో ఆ గొంతు మారింది. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో హ్రస్వదీర్ఘ భేదం రెండు భాషలలోనూ క్షీణించింది, గ్రీకులోని శ్రుతిస్వరం ఊనికగా మారింది. 1528లో ఎరాస్మస్ ప్రాచీనోచ్చారణను పునరుద్ధరించాలని సింహం, ఎలుగుబంటి మధ్య సంభాషణగా గ్రంథం వెలువరించగా, దాన్ని కేంబ్రిడ్జిలో జాన్ చీక్, థామస్ స్మిత్ ఆచరణలో పెట్టారు. విశ్వవిద్యాలయ చాన్సలర్ స్టీఫెన్ గార్డినర్ 1542లో ఆ ఉచ్చారణను నిషేధించాడు. అయినా సాక్ష్యం ఎరాస్మస్ పక్షానే ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు హాస్యనాటకకర్త క్రటీనస్ గొర్రె అరుపును రాసిన అక్షరాలను ఆధునిక గ్రీకు పద్ధతిలో చదివితే 'వీ వీ' అని వినబడుతుంది; ఏ గొర్రే అలా అరవదు కనుక ఆనాటి ఉచ్చారణ 'బే బే' అని తేలుతుంది. సిసిరో పేరును గ్రీకులు కకారంతోనే రాయడం వల్ల లాటిన్‌లో అతడు కికెరో అని రుజువవుతుంది. ఇటువంటి ఆధారాలను సిడ్నీ అలెన్ 1960లలో 'వోక్స్ లాటినా', 'వోక్స్ గ్రేకా' గ్రంథాలలో క్రమబద్ధం చేయగా, అమెరికన్ ఆచార్యుడు స్టీఫెన్ డైట్జ్ హోమరు కావ్యాలను పునరుద్ధరించిన ఉచ్చారణతో ఆద్యంతం చదివి ధ్వనిముద్రణ చేశాడు.

తెలుగు చదువరికి ఈ సాధనలో సహజమైన అనుకూలత ఉంది. ప్రాచీన గ్రీకులోని ప-ఫ, త-థ, క-ఖ భేదాలనూ, రెండు భాషల హ్రస్వదీర్ఘాలనూ తెలుగు లిపి నేరుగా రాయగలదు. గణవిభజన తెలిసినవారికి హెక్సామీటరు నడక పట్టుబడడం కష్టం కాదు. హోమరునూ వర్జిల్‌నూ మూలంలో నేర్చుకోదలచినవారు అనువాదాలతోనూ కంటిచూపుతోనూ తృప్తిపడక, మొదటి పాఠం నుంచే గొంతెత్తి చదవాలి. ఆ కవులు తమ చదువరుల నుంచి కోరినది అదే.