పాఠంగా మారిన ఊరు: నెల్లూరు సారా వ్యతిరేకోద్యమంలో కథ

సంస్థలు తమ ఆశయాలను చెప్పుకోవడానికి కథను సాధనం చేసుకోవడం గురించిన చర్చ ఎక్కువగా వ్యాపార నిర్వహణ శాస్త్రంలోనే సాగుతున్నది. ఒక ప్రభుత్వ కార్యక్రమం చెప్పిన కథ ఆ ప్రభుత్వపు రాబడికే ఎదురు తిరిగిన సందర్భం మాత్రం నెల్లూరు జిల్లాలో ఉన్నది.

1990ల తొలినాళ్లలో సంపూర్ణ అక్షరాస్యతా కృషిలో భాగంగా జిల్లాలో 'అక్షర దీపం' నడిచింది. పగలు కూలికి వెళ్లి, రాత్రి పలక పట్టిన స్త్రీలు అందులో పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. వారి వాచకాలలో 'సీతమ్మ కథ' ఒకటి. సారా ఇంటికి తెచ్చే చేటు అందులోని విషయం. దానిని చదివినవారికి సారా కొత్త సమస్య కాదు. 1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరిట ప్యాకెట్లలో సారా సరఫరా చేయించింది. కూలి డబ్బు దుకాణం దాటి ఇల్లు చేరని అనుభవం వారిది. అందుచేత వాచకం వారికి కోపాన్ని నేర్పిందనడం సరికాదు. ఇంటి గుట్టుగా ఉన్న బాధను పదిమందిలో మాట్లాడుకునే వీలు కల్పించిందనడమే న్యాయం.

తీరానికి ఎడంగా, మెట్ట ప్రాంతమైన కలిగిరి మండలంలోని దూబగుంటలో రోశమ్మ తదితర స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఘటనే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై ఇతర గ్రామాల చదువరులకు చేరింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. సీతమ్మ కల్పిత పాత్ర; దూబగుంట బస్సెక్కి వెళ్లి చూడగల ఊరు. మొదటి కథ విన్నవారు రెండవ కథకు కర్తలయ్యారు. చెప్పేవారెవరు, వినేవారెవరు అన్న హద్దు చెరిగిపోయింది. నిర్వహణ శాస్త్ర గ్రంథాలు సాధారణంగా కథకుని పీఠాన్ని అధికారికే కేటాయిస్తాయి గనుక ఈ తారుమారును అవి పట్టుకోలేవు.

తరువాతి పరిణామాలు సుపరిచితాలే. 1992లో స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. రోజుకొక రూపాయి దాచే 'పొదుపులక్ష్మి' బృందాలు కూడా ఈ నేల మీదనే విస్తరించాయి.

అయితే కథ ఊరు దాటిన కొద్దీ దానికి యజమానులు పెరిగారు. పార్టీలు, పత్రికలు, ప్రభుత్వం ఎవరికి వారు ఈ స్త్రీని తమకు కావలసిన రూపంలో చిత్రించుకున్న తీరును సూసీ తారు, తేజస్విని నిరంజన తమ వ్యాసంలో విశ్లేషించారు. ఆదర్శ గృహిణిగా చూపిన చిత్రాలలో కూలి స్త్రీ, ఆమె కులం, ఆమె వేతనం మరుగున పడ్డాయి. 'అక్షరమే ఉద్యమాన్ని పుట్టించింది' అన్న అధికారిక కథనమూ అటువంటిదే.

1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకే, 1997లో, ఖజానా లోటును కారణంగా చూపి దానిని సడలించారు.